మామ బొమ్మల పుస్తకాల దుకాణం

మొన్న మా చెల్లె మనుమరాలు నన్ను పట్నంల ఒక పెద్ద దుకాణానికి తోలుకపోయింది. అద్దాల తలుపులు. లోపల మాఘమాసం లెక్క చలి. గోడల నిండ బొమ్మల కథల పుస్తకాలే. ఒక పుస్తకం తీసి అలవాటు కొద్ది ముక్కు దగ్గర పెట్టుకున్న. ఏ వాసనా లేదు. పైన ప్లాస్టిక్ కవరు అతికించి ఉంది. దుకాణం పిల్లగాడు ఉరికొచ్చి, "కవరు తియ్యొద్దు మేడం" అన్నడు. మనుమరాలు సిగ్గుపడి నా చెయ్యి గుంజింది. ఇంటికొచ్చిన కాడినుంచి నాకు మామనే యాదికొస్తుండు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. అవ్వకు, అంటే మా అమ్మమ్మకు, ఒక్కడే కొడుకు. జనగామల మెట్రిక్ పాసై, ఏదో ఆఫీసుల గుమాస్తా కొలువు వస్తదని ఏండ్లకేండ్లు తిరిగిండు. ఆ కొలువు కోస్తా దిక్కునుంచి వచ్చిన వేరే మనిషికి పోయిందట. ఆ సంగతి ఎత్తితే అవ్వ పండ్లు కొరికేది. మామ మాత్రం నవ్వేటోడు. "పోనియ్యే అవ్వా. కొలువైతే గాళ్లు జెప్పిన కాయితాలు రాయాలె. ఇప్పుడు నేను చదివిన కాయితాలు అమ్ముకుంట," అనెటోడు. పట్నంల కోఠి దిక్కు ఒక గల్లీల చిన్న మడిగె కిరాయికి తీసుకొని, బొమ్మల పుస్తకాల దుకాణం పెట్టిండు.

మా ఊరు పెద్దవంగర అవతల. అక్కడ పెద్ద బడి లేదని బాపు నన్ను జనగామల అవ్వ దగ్గర ఉంచి చదివించేటోడు. ఆ ఏడు, అరవై తొమ్మిదిల, తెలంగాణ వేరే కావాలని లొల్లి మొదలయింది. పిల్లలు బడులు బంద్ పెట్టిండ్రు. జై తెలంగాణ అనుకుంట జెండాలు పట్టుకొని స్టేషన్ దాక పోయెటోళ్లు. మా బడికి తాళం పడ్డది. పండుగకు వచ్చిన మామ, ఇంట్ల ఈగలు కొట్టుకుంట కూసున్న నన్ను చూసి, "కొన్ని దినాలు నాతోని రాయే. దుకాణంల కూసోని చదువుకుందువు," అన్నడు. అప్పటికి పట్నంల ఇంకా అంత గొడవ లేదు. అవ్వ డబ్బ నిండ సకినాలు కట్టిచ్చింది.

ఆ దుకాణం వాసన నాకు ఇప్పటికీ తెలుస్తది. పాత కాయితం, మైదాపిండి జిగురు, అందుల పురుగు పట్టకుంట కలిపిన మైలుతుత్తం, కిర్సనాయిలు, పక్క హోటల్ నుంచి వచ్చే ఇరానీ చాయ్ ఆవిరి. ఇవన్ని కలిసి ఒక్కటే వాసన. సికింద్రాబాద్‌ల దొరల బంగళాలు ఖాళీ చేసినప్పుడు పాత ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు తూకానికి అమ్మెటోళ్లు. మామ అవి, చదివినోళ్లు అమ్మేసిన తెలుగు బొమ్మల పుస్తకాలు సంచులల్ల నింపుకొచ్చేటోడు. ముడతలు పడ్డ అట్టల మీద తడిబట్ట ఏసి ఇస్త్రీపెట్టెతోని సాపు చేసేటోడు. సుతిలి తాళ్లు కట్టి, బట్టలారేసినట్టు పుస్తకాలు ఏలాడేసేటోడు. బడి పిల్లలు నిలవడి చదివిపోయినా ఏమనకపోయేటోడు. ఒక వకీలు సాబ్ వారం వారం వచ్చి, తన కోసమే కొనుక్కొని, ఎవరన్న చూస్తరని పేపర్ల చుట్టించుకొని పోయెటోడు.

దుకాణంల మామకు ఒక జోడీదారు ఉండె. కోస్తా దిక్కునుంచి వచ్చిన మనిషి. సన్నగ, పొడుగ్గ, కళ్లద్దాలు పెట్టుకొని ఉండేటోడు. బొమ్మలు గీసే పని మీద పట్నం వచ్చి, అది దొరకక, మామతోని కలిసిండు. మామ ఆయనను "ఏం గారూ" అని పిలిచేది. ఆయన మామను "ఏం బావా" అనేది. నన్ను బాబాయ్ అని పిలవమన్నడు. పాత పుస్తకాలల్ల చివరి పేజీ చాలాసార్లు చినిగి ఉండేది. అసొంటియి ఎవరు కొంటరు? అందుకని మామ ఆ కథ ఎట్ల అయిపోయి ఉంటదో ఊహించి చెప్పేటోడు. బాబాయి కూసోని ఆ ఆఖరి పేజీ సిరాతోని గీసి, రంగులేసి, అతికించేటోడు. అచ్చులెక్కనే ఉండేది. కొనుక్కున్నోళ్లకు తెలిసేది కాదు. తెలిసినోళ్లు అదే కావాలని అడిగెటోళ్లు.

ఒకనాడు నేను ఎవ్వరు చూస్తలేరని ఒక రాణి బొమ్మకు పెన్సిల్‌తోని మీసాలు పెట్టిన. మామ చూసి చెవ్వు పట్టుకున్నడు. బాబాయి ఆ పుస్తకం తీసుకొని, మీసాలకు తోడు గడ్డం గూడ గీసి, పక్కకు "రాణిగారు మారువేషంలో" అని రాసిండు. "అమ్ముడుపోతుంది లెండి బావా, పిల్లని వదిలేయండి," అన్నడు. నిజంగనే ఆ సాయంత్రమే అమ్ముడువోయింది.

బాబాయి, పిన్ని మా మామ గదికి ఆనుకొనే ఉన్న గదిల ఉండేటోళ్లు. పిన్ని అంటే బాబాయి పెండ్లాం. నన్ను పిన్నీ అనమని తనే చెప్పింది. అప్పటికి ఆమె కడుపుతోని ఉంది. ఆవపిండి పెట్టి కూర చేసేది. ఆ ఘాటుకు నా కండ్ల నీళ్లు కారేయి. ఆమె గోంగూర అంటే నేను పుంటికూర అనేది. ఆమె మజ్జిగ అంటే నేను సల్ల అనేది. "చల్లా? చల్లంటే నాకు చలేస్తుందే అమ్మాయ్," అని నవ్వేది. అవ్వ కట్టిచ్చిన సకినాలు ఆమెకే ఎక్కువ నచ్చినయి. డబ్బ తొందరగ అయిపోయింది.

ఒకనాడు నేను మామను అడిగిన. "మామా, బొమ్మల పుస్తకాలల్ల మనలెక్క ఎవ్వరు మాట్లాడరెందుకు?"

మామ పకపక నవ్విండు. "ఎందుకు మాట్లాడరే? సినిమాల జూడు. దొంగోడు మనలెక్కనే మాట్లాడుతడు. బోళ్లు తోమెటోడు మనలెక్కనే మాట్లాడుతడు."

బాబాయి నవ్వలే. కుంచె కడుక్కుంట తల దించుకున్నడు. తెల్లారి నా చేతుల ఒక పుస్తకం పెట్టిండు. ఆఖరి పేజీల కిరీటం పెట్టుకున్న రాజు సింహాసనం మీదికెళ్లి లేచి, "ఏందిరా గీ లొల్లి? జర సప్పుడు చెయ్యకుండ్రి," అంటుండు. మా అవ్వ లెక్క మాట్లాడుతున్న రాజును చూసి నేను కడుపు పట్టుకొని నవ్విన. మామ ఆ పేజీ చాలాసేపు చూసిండు. "గారూ, గిది అమ్మేది లేదు," అని లోపల పెట్టుకున్నడు.

ఎండలు ముదిరినంక గొడవ ముదిరింది. దుకాణాలు తెరిచిన రోజులకంటే మూసిన రోజులే ఎక్కువైనయి. బస్సులు తగలవడుతున్నయని, తుపాకులు పేలినయని చాయ్ హోటల్ల చెప్పుకునేటోళ్లు. ఒకరోజు పొద్దుగాల్ల కొంతమంది పడుచు పిల్లగాండ్లు దుకాణం ముందట నిలవడ్డరు. అందులో ఇద్దరు మామకు ఎరుకైనోళ్లే. పుస్తకాలు నిలవడి చదివి పోయినోళ్లే.

"అన్నా, గాయన్ని పంపిస్తవా, దుకాణం కాలవెట్టమంటవా?" అన్నడు ముందటున్నోడు.

మామ అంగీకి కూడ జై తెలంగాణ బిళ్ల ఉంది. దాన్ని వేలుతోని చూపెట్టిండు. "నేను మీ ఎంబడి నడుస్తలేనా? నా కొలువు పోయినందుకు నాకు మంట లేదా? గాయన నా కొలువు గుంజుకోలే తమ్మీ. గాయనకూ కొలువు దొరకకనే నాతోని కాయితాలు అతికిస్తుండు."

"గదంత మాకు తెల్వదన్నా. నువ్వు మంచోనివని ముందుగాల చెప్తున్నం."

వాళ్లు పోయినంక బాబాయి అన్నడు, "మేం వెళ్లిపోతాం బావా. నా వల్ల మీకెందుకు?"

"యాడికి పోతవ్? బెజవాడ దాక పోయే బండ్లు నడుస్తలేవు. అంత దూరం ఈమెను ఎట్ల తీసుకపోతవ్?" అని మామ పిన్ని దిక్కు చూసిండు. కొంచెంసేపు ఆలోచించి, "ఆమెను జనగామకు, మా అవ్వ దగ్గరికి పంపిద్దం. మనం సామాను సర్ది, రెండు దినాలల్ల ఎనుక పోదం," అన్నడు.

నన్ను పక్కకు పిలిచి మామ ఒంగి నా భుజాల మీద చేతులేసిండు. "నువ్వు పెద్దదానివి. బండిల పిన్ని మాట్లాడొద్దు. ఒక్క మాట మాట్లాడినా యాడిదో తెలుస్తది. ఎవరన్న అడిగితే మా చిన్నమ్మకు మాటలు రావని చెప్పు." అదే మామ నాతోని మాట్లాడిన ఆఖరి మాట. అప్పుడు నాకది ఆటలెక్క అనిపించింది. నాకొక్కదానికే పని అప్పజెప్పిండని ఉబ్బిపోయిన.

మమ్మల్ని పాసింజర్ బండిల ఎక్కించిండు. కిక్కిరిసి ఉంది. పిన్ని నెత్తి మీద కొంగు కప్పుకొని, కిటికీ పక్కకు ముడుచుకొని కూసుంది. ఘట్‌కేసర్ల పిల్లగాండ్ల గుంపు ఎక్కింది. అందరి అంగీలకు బిళ్లలు. జోరుగ పాటలు, నినాదాలు. వాళ్లల్ల ఒకడు మా ఎదురుంగ కూసున్నడు.

"యాడికి పోతున్రు అక్కా?" అని పిన్నిని అడిగిండు.

"జనగామకన్నా. మా చిన్నమ్మకు మాటలు రావు," అన్న నేను.

"అయ్యో," అన్నడు ఆయన. పిన్ని కడుపు చూసి, పక్కనున్నోళ్లను జరిపి, తన తువ్వాల మడిచి ఆమె నడుముకు ఆసర పెట్టిండు. సంచిలకెళ్లి జామపండ్లు తీసి ఇచ్చిండు. ఆ పిల్లగాడు నిజంగ మంచోడు. అయినా పిన్ని కొంగు ఇంకింత ముందటికి గుంజుకుంది. ఆ పండు కొరకలే, వొళ్లె పెట్టుకుంది.

భువనగిరి దాటినంక బండి ఒక్కసారి గట్టిగ కుదిపింది. పిన్ని పొట్ట కిటికీ చెక్కకు తగిలింది. "అమ్మా!" అని అరిచింది.

ఆ పిల్లగాని మొఖం మారింది. నన్ను చూసిండు, ఆమెను చూసిండు.

"గదొక్కటే వస్తదన్నా. ఇంకేం రావు," అన్న.

ఆయన తల తిప్పుకొని కిటికీల నుంచి చూసిండు. నమ్మిండో లేదో నాకు ఇప్పటికీ తెల్వదు. ఆలేరుల దిగిపోయెటప్పుడు మాత్రం నా చెవ్వు దగ్గరికి వంగి, "పైలం. స్టేషన్ల ఎవ్వరితోని మాట్లాడకుండ ఇంటికి పోండ్రి," అన్నడు. తువ్వాల అడగలే.

అవ్వ పిన్నిని చూసి ఏమీ అడగలే. మామ పంపిండని నేను చెప్పిన. "నా కొడుకు పంపితే నా బిడ్డనే," అన్నది. వాడకట్టుల అందరికీ మూగ పిల్ల అనే చెప్పింది. తలుపులు పెట్టుకొని లోపలింట్ల కూసున్నప్పుడే పిన్ని గుసగుసగ మాట్లాడేది. అవ్వ ఆమెకు చింతచిగురు పప్పు చేసి పెట్టింది, జొన్నరొట్టె ఎట్ల చరవాలో నేర్పింది. పిన్ని చరిస్తే రొట్టె ఇరిగిపోయేది. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వేది. నడుము నొప్పంటే ఆముదం కాగవెట్టి రాసేది. అవ్వ మా అమ్మకు గూడ అంత చేసింది నేను చూడలే. కొడుకుకు ఇంకా పెండ్లి కాలే. ఇంట్ల కోడలు తిరిగినట్టు అనిపించిందేమో.

మామ చెప్పిన రెండు దినాలు దాటినయి. తర్వాత ఇంకొన్ని దాటినయి. అవ్వ పొద్దుమాపు స్టేషన్ దిక్కు చూసేది. పిన్ని అన్నం సగంల ఒదిలేసేది.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం మా ఇంటి ముందట లారీ ఆగింది. జెండాలు కట్టి ఉంది. పిల్లగాండ్లు నినాదాలు ఇచ్చుకుంట దిగిండ్రు. ఎనుకనుంచి బాబాయి దిగిండు. ఆయన అంగీ అంత ఎండిన నెత్తురు. కళ్లద్దాలు లేవు. లారీల పుస్తకాల మూటల మీద తెల్లబట్ట కప్పి మామ పండుకొని ఉండె.

ఏం జరిగిందో తర్వాత తెలిసింది. ఇద్దరు కలిసి పుస్తకాలు మూటగట్టి రిక్షాల ఏస్తున్నరట. అప్పుడే గల్లీ మొగల ఊరేగింపు వచ్చింది. రాళ్లు లేచినయి. పోలీసుల తుపాకులు పేలినయి. షట్టర్ గుంజుతున్న మామ ఈపుల గుండు దిగింది. బాబాయి ఆయనను రిక్షాల మూటల మీద ఏసుకొని దవాఖానకు ఉరికిండు. పొద్దుగూకేవరకు ప్రాణం పోయింది. తమ మనిషి చచ్చిపోయిండని, బాబాయి ఎవరో ఎరుగని పిల్లగాండ్లు మామ ఊరు కనుక్కొని లారీ మాట్లాడి తెచ్చిండ్రు. బాబాయి పట్నం నుంచి జనగామ దాక ఒక్క మాట మాట్లాడకుండ ఆ లారీల కూసున్నడు. దోస్తు పోయిన దుఃఖంల ఉన్నడనుకున్నరు వాళ్లు.

అవ్వ లారీ దగ్గరికి నడిచింది. బట్ట తీసింది. ఏడ్వలే. కొడుకు మొఖం మీద ఈగలను చేత్తోని కొట్టుకుంట నిలవడ్డది.

అప్పుడు పిన్ని ఇంట్లకెళ్లి ఉరికొచ్చింది. మామ కాళ్ల మీద పడి, "అయ్యో అన్నయ్యగారూ! మా కోసం ప్రాణం పోగొట్టుకున్నారా అన్నయ్యగారూ! ఎంత ఘోరం జరిగిపోయిందండీ!" అని గుండెలు బాదుకుంది.

వాడకట్టు అంత సప్పుడు బంద్ అయ్యింది. మూగపిల్ల మాట్లాడింది. ఆ మాట యాడిదో గూడ అందరికీ తెలిసింది. లారీల వచ్చినోళ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. ఒకడు బాబాయి దిక్కు తిరిగి, "అంటే నువ్వు…" అని ముందటికొచ్చిండు.

అవ్వ లారీ దగ్గర్నుంచి మెల్లగ జరిగి బాబాయికి అడ్డం నిలవడ్డది. పొట్టి మనిషి. ఆయన ఛాతీ దాక గూడ రాదు.

"నా కొడుకును మోసుకొచ్చిన చేతులు గవి," అన్నది. "గాళ్ల మీద ఎవడన్న చెయ్యేసిండంటే ముందుగాల నన్ను సంపుండ్రి. ఒక్క పీనుగ లేసిన ఇల్లే. ఇంకోటి లేస్తది."

ఎవ్వరు కదలలే. తర్వాత ఒక్కొక్కడు తల దించుకొని లారీ మీదికెళ్లి మామను దించుడు షురూ చేసిండ్రు. ఆ పొద్దు మామను తీసుకపోయెటప్పుడు ఒక పక్క బాబాయి భుజం పెట్టిండు. ఆపినోడు లేడు.

అవ్వ గురించి ఎవరు చెప్పినా ఇక్కడి దాకనే చెప్తరు. తర్వాత జరిగింది చూసింది నేను, మా అమ్మ, బాపు.

మామ దినాలు అయిపోయినంక తెల్లారి అవ్వ పొయ్యి దగ్గర కూసోని రొట్టెలు చేసింది. పిన్ని సాయం చెయ్యబోతే వద్దన్నది. రొట్టెలు బట్టల కట్టి గడప దగ్గర పెట్టింది. ఎవ్వరి దిక్కు చూడకుండ మాట్లాడింది.

"బిడ్డా, నువ్వు నాకేం జెయ్యలే. మీ ఆయన సుత ఏం జెయ్యలే. నాకెరుకే. గని మీ మాట చెవుల పడితే నా కడుపు మండుతుంది. నా కొడుకు నెత్తురు కండ్లల్ల పడుతుంది. మీరు పోండ్రి."

"ఎక్కడికి వెళ్లమంటారమ్మా?" అన్నది పిన్ని.

అవ్వ పొయ్యిల బూడిద ఎత్తుడు షురూ చేసింది. మా అమ్మ, "గట్లంటే ఎట్లవ్వా, నిండు మనిషి," అన్నది. అవ్వ అమ్మ దిక్కు గూడ చూడలే.

పిన్ని వంగి అవ్వ కాళ్లు మొక్కబోయింది. అవ్వ కాళ్లు ఎనుకకు గుంజుకుంది.

బాబాయి రొట్టెల మూట తీసుకున్నడు. పుస్తకాల మూటల దిక్కు ఒక్కసారి చూసిండు గని ముట్టలే. నా నెత్తి మీద చెయ్యి పెట్టిండు. బాపు వాళ్లను ఎడ్లు కట్టిన కచ్చురంల స్టేషన్‌కు తోలుకపోయిండు. బెజవాడ దిక్కు పోయే బండి ఎప్పుడొస్తదో స్టేషన్ల ఎవ్వరికీ తెల్వదట. ఎండల ఒక బెంచీ మీద కూసోబెట్టి వచ్చిన అన్నడు బాపు.

పుస్తకాల మూటలను అవ్వ ధాన్యం అర్రల పెట్టించి తాళమేసింది. నన్ను ముట్టనియ్యలే, అమ్మనియ్యలే, కాలవెట్టనియ్యలే. ఏండ్లు గడిచి అర్ర తెరిచేసరికి చెదలు మిగిల్చిన మట్టి ఉండె అంతే.

నేను టీచరునై మహబూబాబాద్‌ల కొలువు చేస్తున్నప్పుడు అవ్వ నా దగ్గరనే ఉండేది. చూపు సన్నగిల్లింది. అన్ని రోజులల్ల పిన్ని మాట గని, బాబాయి మాట గని ఒక్కసారి ఎత్తలే. ఒకనాడు మాపటీలి బియ్యంల రాళ్లు ఏరుకుంట, చేతులు ఆపి అడిగింది.

"ఆ పిల్లకు ఏం పుట్టి ఉంటదే?"

ఎవరని నేను అడగలే.

"తెల్వదవ్వా."

"గంత ఎండల పొమ్మంటి. రొట్టె అయితే కట్టిచ్చిన గని, నీళ్లు ఇయ్యకపోతి. సర్వ నిండ నీళ్లు అక్కడనే ఉండె." మళ్ల కొంచెంసేపటికి, "పట్నం పోయి ఎతుకు బిడ్డా. బతికి ఉన్నరేమో చూసి రా," అన్నది.

సెలవులల్ల పట్నం పోయిన. ఆ గల్లీల ఇప్పుడన్ని చీరల దుకాణాలు. మామ మడిగె ఏదో పోల్చుకోలేకపోయిన. ఎదురుంగ ఉండే దర్జీ ఒక్కడు గుర్తుపట్టిండు. బొమ్మలు గీసే ఆయన మళ్ల రానేలేదన్నడు. వాళ్ల గది తాళం యజమానే పగలగొట్టి సామాను బయటేసిండట. "వాళ్లది ఏ ఊరమ్మా? ఊరి పేరు చెప్తే అటు పోయెటోళ్లను అడుగుత," అన్నడు.

బాబాయి ఇంటి బువ్వ తిన్న. పిన్ని పక్కల పండుకున్న. ఆమె మా ఇంట్ల ఉన్నన్ని రోజులు అవ్వ ఆమె నడుముకు నూనె రాసింది. మామ ఆయన కోసం పానమే ఇచ్చిండు. మాలో ఒక్కరం గూడ మీది ఏ ఊరని వాళ్లను అడగలే. కోస్తా అనుకున్నం. అంతే అనుకున్నం.

ఇంటికొచ్చేసరికి అవ్వ గడపల కూసోని ఉంది.

"దొరికిండ్రా?"

"లేదవ్వా. వాళ్లది ఏ ఊరో మనకు తెల్వదు గదా."

అవ్వ చానసేపు యాది చేసుకోవాలని చూసింది. పెదవులు కదిపింది. ఏ ఊరి పేరూ రాలే. ఆ పూట అన్నం ముట్టలే. ఆ తర్వాత బతికినన్ని దినాలు, మా ఇంటికి కోస్తా దిక్కు మాట మాట్లాడే మనిషి ఎవరొచ్చినా, బ్యాంకు ఆయన గాని, బట్టలమ్మే ఆయన గాని, చేతులతోని తడుముకుంట బయటికొచ్చి, "మీది ఏ ఊరు బిడ్డా?" అని అడిగేది. వాళ్లు చెప్పిన పేరు ఒకసారి తను పలికి, ఇంకేం అడగకుండ లోపలికి పోయేది.

ఆ కడుపుల బిడ్డ బతికుంటే ఇప్పటికి యాభై ఏండ్లు దాటి ఉంటయి. ఆడపిల్లో, మగపిల్లగాడో గూడ నాకు తెల్వదు.